నోటి లెక్కల ఇల్లు: సంపాదించే మనిషి పోయాక డబ్బు సంగతులు చక్కబెట్టుకోవడం ఎలా

మాది రాజోలు వైపు, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక లంక ఊరు. 2022 జులై వరదకి మా ఊడ్పులన్నీ నీటమునిగాయి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక తీసేశాక మా ఆయన మళ్లీ నారు కొని ఊడ్పించారు. ఆ నారు పచ్చబడేసరికి, శ్రావణమాసంలో, గుండెపోటుతో పోయారు. నలభై ఎనిమిదేళ్లండి. 80 సెంట్ల కొబ్బరితోట సొంతం, రెండెకరాలు కౌలు, ఇంజినీరింగు రెండో ఏడు చదువుతున్న కొడుకు, ఇంటర్‌లో చేరిన కూతురు. లెక్కలన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. "ఎరువుల కొట్టుకి ఎంతివ్వాలండీ?" అనడిగితే "నేను చూసుకుంటాలే" అనేవారు. నిజంగానే చూసుకునేవారు కూడా.

డ్వాక్రా సంఘంలో నేను రెండో లీడర్ని. పదిమంది ఆడవాళ్ల కంతులు వేళ్ల మీద చెప్పేదాన్ని, మా ఇంటి అప్పెంతో చెప్పలేకపోయాను. తర్వాత పడుతూ లేస్తూ నేర్చుకున్నది మా సంఘంలో నలుగురికి చెప్పాను, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. మనిషి పోయినా, పక్షవాతంతో మంచాన పడ్డా, రొయ్యల చెరువు దెబ్బతిన్నా, కువైట్ నుంచి వచ్చే డబ్బు ఆగిపోయినా చాలావరకు దారి ఇదే. మొదటి మూడు నెలలు కాగితాలు కూడగట్టండి. అమ్మడం, రాసివ్వడం, ఒప్పుకోవడం అన్నీ ఆ తర్వాతే.

మొదటి పదకొండు రోజులు

చావింట్లో చేతిలో డబ్బు ఆడాలి. పోపుల డబ్బాలోవీ చీర మడతల్లోవీ కలిపితే 11,400 తేలాయి. మొదటి వారం వాటితోనే గడిచింది. ఆయన ఏటీఎం కార్డు పిన్ను మా అబ్బాయికి తెలుసు. "వెళ్లి తీసుకొచ్చేయనా అమ్మా" అన్నాడు. వద్దన్నాను. చట్టం తెలిసి కాదు, ఎందుకో భయమేసింది. మంచిదే అయింది. మనిషి పోయాక ఆ ఖాతాలో సొమ్ము వారసులందరిదీ. కార్డుతో లాగేస్తే రేపు బ్యాంకుకీ, అత్తింటివాళ్లకీ జవాబు చెప్పుకోవాల్సింది మనమే.

మూడోరోజున ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "మీ ఆయన నాకు లక్ష ఇవ్వాలమ్మా, నువ్వో నోటు రాసిచ్చేస్తే నాకూ బెంగ ఉండదు" అన్నారు. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి చేత ఎవరైనా ఏమైనా రాయించుకోగలరు. ఇక్కడ ఒకటి తెలుసుకోండి. భర్త చేసిన అప్పు ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే వారసుల మీదికొస్తుంది. మన పుట్టింటి బంగారం మీదికో, మన కష్టార్జితం మీదికో రాదు. అదే కొత్త నోటు మీద మనం సంతకం పెట్టామా, ఆ క్షణం నుంచి అది మన అప్పే. నేనన్నది ఇంతే: "రాసుకుంటున్నాను బాబాయ్‌గారూ, పెద్దకర్మ అయ్యాక కాగితం పట్టుకుని రండి, మాట్లాడుకుందాం." ఆయన మళ్లీ రాలేదు. కాగితం లేనివన్నీ దొంగ అప్పులని మాత్రం అనుకోకండి. ఎరువుల కొట్టు ఖాతాలో మా ఆయన సంతకం ఒక్కటీ లేదు. అయినా ఏ బస్తా ఏ రోజు తెచ్చారో మా పొలం పనులతో సరిచూసుకుంటే 85 వేలూ నిజమే.

పెద్దకర్మ దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. నూటయాభై మందికి భోజనాలు చాలనుకున్నాను. "తమ్ముడి పేరున ఊరికి అన్నం పెట్టకపోతే తలెత్తుకుని ఎలా తిరుగుతాం" అన్నారు మా పెద్దబావగారు. 90 వేలైంది. అందులో 30 వేలు మా తమ్ముడి దగ్గర చేబదులు. ఆ సమయంలో ఆ మాట ఆడది అనలేదండి, అన్నా ఎవరూ వినరు. పుట్టింటి వైపు నుంచి ఒక పెద్దమనిషి చేత, వంటవాళ్లకి బయానా ఇవ్వకముందే, "ఇంతే పెట్టగలం" అని అంకెతో సహా అనిపించండి.

కాగితాల పని

మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. 30 రోజుల దాకా ఆలస్యపు రుసుముతో అవుతుంది. ఆపైన అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. ధ్రువపత్రం పది కాపీలు తీసుకోండి, మిగలవు. దాని తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తుంది. వితంతు పింఛనుకీ సచివాలయంలోనే పెట్టుకోవాలి. నాది 2023లో నెలకి 2,750తో మొదలైంది, ఇప్పుడు 4,000.

నేను రెండు నెలలు పోగొట్టుకున్నది పేరు దగ్గర. ఆధార్‌లో మా ఆయన ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది, పాసుపుస్తకంలో పూర్తిగా ఉంది, బీమా కాగితంలో వెనక్కి పోయింది. మరణ ధ్రువపత్రంలో నాలుగో రకంగా పడింది. నమోదుకి వెళ్లేముందు ఆయన పేరున్న కాగితాలన్నీ చాప మీద పరిచి, ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం రాసి తీసుకెళ్లండి.

ఆయన ఫోన్ నంబరు తీసేయకండి. రీచార్జి చేస్తూ ఉండండి. బ్యాంకు సందేశాలూ, ఓటీపీలూ, కుదువ నోటీసులూ అందులోకే వస్తాయి. కార్తీకమాసంలో మా బంగారం వేలానికి వస్తోందన్న సందేశం ఆ ఫోన్‌కే వచ్చింది. నాకు ఎవరూ ఉత్తరం రాయలేదు, ఇంటికి మనిషినీ పంపలేదు.

ఇక బ్యాంకు పాసుపుస్తకం. దాన్ని అచ్చు వేయించుకుని వెనక్కి రెండు మూడేళ్లు ఒక్కో గీతా చదవండి. జూన్ నెల దగ్గర 436 అని ఒకటి, 20 అని ఒకటి కోతలున్నాయి. అంతకుముందు ఏళ్లలో అదే జాగాలో 330, 12. బ్యాంకులో ఏవో చార్జీలు లాగేస్తున్నారని తిట్టుకుంటూ కౌంటర్లో అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి నా మొహం చూసి కూర్చోమంది. 436 అంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంగా పోయినా 2 లక్షలు వస్తాయి. ఎప్పుడో బ్యాంకులో ఫారం ఇస్తే నింపి పడేశారు, నామినీగా నా పేరు పెట్టారు, ఇంట్లో చెప్పడం మర్చిపోయారు. 20 రూపాయలది సురక్ష బీమా, ప్రమాదంలో పోతేనే 2 లక్షలు. మాకది వర్తించలేదు. కొబ్బరిచెట్టు మీంచి పడ్డా, పాము కరిచినా అది వర్తిస్తుంది, కాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లిన కాగితాలు ఉండాలి. అందుకే కొబ్బరి దింపు తీసేవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కనిపిస్తే నేను ముందు ఈ 20 రూపాయల సంగతే అడుగుతాను.

ఖాతాలో ఉన్న 23 వేలకి నామినీ లేరు. చిన్న మొత్తం కాబట్టి కోర్టు కాగితం అడగలేదు గానీ వారసులందరి సంతకాలూ కావాలన్నారు. అప్పుడే తెలిసింది, వీలునామా లేని ఆయన స్వార్జితంలో భార్యకి, పిల్లలకి, ఆయన కన్నతల్లికి సమాన వాటాలని. అంటే తోటలో నాలుగో వంతు మా అత్తగారిది. ఈ సంగతి వేరేవాళ్లు చెప్పేలోపు నేనే ఆవిడకి చెప్పాను. "నాకెందుకే ఆ గొడవ" అన్నారు గానీ, నేను చెప్పానన్న మాట ఆడపడుచులకి ఫోన్ చేసి మరీ చెప్పారు. తర్వాత ఏ సంతకానికీ ఇబ్బంది రాలేదు.

అప్పుల చిట్టా

పెద్దకర్మ అయిన మర్నాడు రూళ్ల పుస్తకం తీసి గీతలు గీశాను. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, కాగితం ఉందా, జామీను ఎవరు, గడువెప్పుడు. మా అబ్బాయి వాళ్ల నాన్న ఫోన్‌లో ఫోన్‌పే చిట్టా అంతా తిరగేశాడు. తేలినవి ఇవి: బ్యాంకు పంట అప్పు 1,10,000. బంగారం మీద రెండు కుదువలు కలిపి 1,40,000. ఊళ్లో ఒకాయనకి ప్రోనోటు మీద 2,00,000. ఎరువుల కొట్టు 85,000. డ్వాక్రా అప్పులో మిగిలింది 60,000. పాడేసుకున్న చీటీ నెలకి 5,000 చొప్పున పదకొండు నెలలు, 55,000. తమ్ముడి 30,000. మొత్తం 6,80,000. ఆ రాత్రి నాకు నిద్రపట్టింది. అంతకుముందు రోజు దాకా పదో పన్నెండో లక్షలని ఊహించుకుని దూలం వైపు చూస్తూ పడుకున్నదాన్ని.

రెండోవైపు మనకి రావాల్సినవి రాయండి. జనం ఇది మర్చిపోతారు. కొబ్బరి షావుకారు దగ్గర 38,000 ఉంది. బీరువాలో ఒక ప్రోనోటు దొరికింది, 75,000కి, 2019 నవంబరు తేదీతో. ప్రోనోటుకి మూడేళ్లే ఆయుష్షు. ఆ లెక్కన నవంబరు దాటితే కాలదోషం పట్టి అది చిత్తుకాగితం అవుతుందని భయపడ్డాను. దసరా వెళ్లగానే ఆ ఇంటికి వెళ్లాను. "ఇప్పుడు లేవమ్మా" అన్నారు. "వెయ్యి రూపాయలు ఇచ్చి, నోటు వెనక తేదీ వేసి చెల్లు సంతకం పెట్టండి, మిగతాది వీలున్నప్పుడు" అన్నాను. పెట్టారు. అలా గడువులోపు చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఇది ఏ లాయరో చెప్పింది కాదు, నా చిన్నప్పుడు మా నాన్నగారు దొడ్డిగుమ్మం దగ్గర కూర్చుని చేయించగా చూసింది.

ఏది ముందు తీర్చాలి

బ్యాంకు వాళ్ల శాతాలు మనకి తలకెక్కవు. అన్నిటినీ నూటికి నెలకి ఎంత అన్న మన లెక్కలోకి మార్చేయండి. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. పంట అప్పు 7 శాతం, అంటే 60 పైసలు కూడా లేదు, పైగా గడువులో తిరగరాస్తే ఇంకా తగ్గుతుంది. బంగారం 75 పైసలు. ప్రోనోటు రెండు రూపాయలు, అంటే 24 శాతం. రెండు లక్షలకి నెలకి 4,000 వడ్డీకే పోతోంది. ఏడాదికి 48 వేలు, అసలు కదలకుండా.

అందుకని బీమా డబ్బు రాగానే లక్షాయాభై ప్రోనోటాయనకి పట్టుకెళ్లాను. నోటు వెనక చెల్లు వేయించాను. నెల వడ్డీ వెయ్యికి దిగింది. మిగతా 50 వేలు ఎవరికీ ఇవ్వలేదు. నా పేరున వేరే ఖాతాలో వేసి, బియ్యం, మందులు, పాప ఫీజు వాటిలోంచే అని గీత గీసుకున్నాను. "అప్పు పెట్టుకుని డబ్బు దాచుకుంటుందేమిటి" అని మా వీధిలో అన్నారు. ఇంట్లో జ్వరమొస్తే మళ్లీ రెండు రూపాయల వడ్డీకే పరిగెత్తాలి కదండీ. మిగిలిన అసలు తీర్చిన రోజున నోటు చేతికి తీసుకుని, ఆయన ఎదురుగానే చింపాను. నోటు వెనక్కి తీసుకోకుండా డబ్బు కట్టి రాకండి, ఎంత దగ్గరివాళ్లయినా.

డ్వాక్రా కంతు, చీటీ మాత్రం వడ్డీ లెక్కలో పెట్టకూడదు. సంఘంలో నేను ఆపేస్తే మిగతా తొమ్మిది మందికీ కొత్త అప్పు పుట్టదు. చీటీకి జామీను పెట్టినవాళ్లు మన కోసం సంతకం పెట్టిన పాపానికి ఇబ్బంది పడతారు. ఈ రెండూ ఒక్క నెల కూడా ఆపలేదు. మా తమ్ముడిది అన్నిటికన్నా చివర తీర్చాను. వాడి భార్య మూడు సంక్రాంతులు మూతి ముడుచుకుంది, న్యాయమే.

కట్టలేని వాటి దగ్గరికి గడువుకి ముందే వెళ్లండి. గడువు దాటాక వెళ్తే బతిమాలినట్టు ఉంటుంది, ముందు వెళ్తే మాట్లాడుకున్నట్టు ఉంటుంది. మా అబ్బాయి కాలేజీలో ఫీజు గడువుకి ఇరవై రోజుల ముందు మరణ ధ్రువపత్రం కాపీతో వెళ్లి మూడు వాయిదాలు అడిగాను. ఇచ్చారు. వాడు చదువు మానేసి హైదరాబాద్‌లో ఏదో ఒక పనిలో చేరతానన్నాడు. చిట్టా పుస్తకం వాడి ముందు పెట్టి, ఏ నెల ఎంత కట్టాలో చూపించాను. మానేస్తే తగ్గేది ఫీజు ఒక్కటే, మిగతా గళ్లన్నీ అలాగే ఉన్నాయని వాడే లెక్కేసుకున్నాడు. పిల్లలకి దాచకండి. దాస్తే వాళ్లు మనకన్నా పెద్ద అంకెలు ఊహించుకుంటారు.

కౌలు వదులుకోవడం

దీని మీద అందరికన్నా ఎక్కువ గొడవపడ్డాను. ఊడ్చిన సార్వా (వానాకాలం) పంటని వదలకూడదు, పెట్టుబడి అప్పటికే మట్టిలో ఉంది. మా తమ్ముడి సాయంతో కోయించాను. వరద దెబ్బకి ఎకరానికి 22 బస్తాలు పండాయి. రెండెకరాలకి 44. కౌలు ఎకరానికి 14 చొప్పున 28 పోయాయి. మిగిలినవి 16 బస్తాలు, అంటే 12 క్వింటాళ్లు. ఆ ఏటి మద్దతు ధర 2,040 లెక్కన 24,480 రూపాయలు. ఎరువుల కొట్టు బాకీలో మూడో వంతు కూడా కాదు. పైగా కౌలు రైతు కార్డు లేదు. ఆ కార్డుకి పదకొండు నెలలే గడువు, దానివల్ల పొలం మీద హక్కేమీ రాదు. అయినా భూమి ఉన్నాయన సంతకం పెట్టలేదు. వరద నష్టం సాయం వచ్చిందో లేదో కూడా నాకు తెలియకుండా పోయింది.

దాళ్వాకి, అంటే రెండో పంటకి, ముందే పొలం అప్పగించేశాను. "మీ ఆయన పదిహేనేళ్లు చేసిన పొలం" అన్నారు. అవునండి. పదిహేనేళ్లలో ఎంత మిగిలిందని అడిగితే ఎవరి దగ్గరా లెక్క లేదు. కౌలు చేసే ఇంట్లో మగదిక్కు పోతే, చేతిలో ఉన్న పంట కోసి, ఆ లెక్క కాగితం మీద వేసుకున్నాకే మరో పంటకి ఒప్పుకోండి.

తోట మాత్రం ఉంచుకున్నాను. రెండు నెలలకోసారి దింపు తీయిస్తే యాభై చెట్లు ఇల్లు నడిపేంత ఇవ్వవు గానీ, మొత్తానికి ఆగిపోవు. 2023లో పడిపోయిన కొబ్బరి ధర 2024 దసరాకి లేచింది. మధ్యలో "అమ్మేయ్ వదినా" అన్నవాళ్లు తక్కువేం కాదు. మధ్యాహ్నాలు జాకెట్లు కుడుతున్నాను. సంక్రాంతి ముందు నెల ఒక్కటే చేతినిండా పని.

బంగారం

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సీమ మనది. బంగారం అమ్ముకోవచ్చు అన్నమాట, చేప కోసమైతే! అప్పు తీర్చడానికి అమ్మితే మాత్రం పరువు తక్కువ. మావి రెండు కుదువలు, గాజుల మీద 50 వేలు, హారం మీద 90 వేలు. మా ఆయన ఏటేటా వడ్డీ కట్టి తిరగరాయిస్తూ వచ్చారు. వేలం సందేశం చూశాక కొబ్బరి షావుకారు ఇచ్చిన 38 వేలకి ఖాతాలోంచి వచ్చిన 23 వేలు కలిపి ముందు చిన్న కుదువ విడిపించాను. గాజులు 82 వేలకి అమ్మి, ఇంకో 8 వేలు వేసి హారం విడిపించాను. వడ్డీలు వేరే. ఇప్పుడు హారం బీరువాలో ఉంది, పాపకి. రెండూ కుదువలో పడి ఉండటం కన్నా ఒకటి ఇంట్లో ఉండటం నయం. అమ్మేటప్పుడు ముందు వేరే కాటా మీద తూకం వేయించుకుని వెళ్లండి.

అందరూ బాగున్నప్పుడు

జీవన్ జ్యోతిలో యాభై ఏళ్లలోపు చేరాలి. చేరినవాళ్లకి 55 దాకా ఉంటుంది. డబ్బు మే నెలాఖరులో కోస్తారు కాబట్టి 25వ తేదీ కల్లా ఖాతాలో 500 ఉండేట్టు చూసుకోండి. ఖాళీ ఖాతాలో బీమా ఆగిపోతుంది. కొత్తగా చేరితే మొదటి నెల రోజులు ప్రమాదమైతే తప్ప వర్తించదు. నేనూ చేరాను, మా అబ్బాయినీ చేర్పించాను. ఖాతాలు ఇద్దరి పేరునా, బతికున్నవారు తీసుకునేట్టు రాయించండి. పాతవాటిల్లో నామినీ ఉన్నారో లేదో అడగండి.

అసలు కష్టమైన పని ఇంటాయన్ని కూర్చోబెట్టడం. "నీకేమన్నా అయితే" అని ఏ ఆడదీ నోటితో అనలేదు, అపశకునం. నేను చెప్పే ఉపాయం ఏమిటంటే, బ్యాంకులో నామినీ పేర్లు సరిచూడమన్నారని చెప్పి కాగితాలన్నీ బయటికి తీయించండి. ఒక్కో కాగితం దగ్గరా "ఇదేంటి?" అని మాత్రం అడగండి. మా చిన్న ఆడపడుచు పోయిన ఉగాదికి వాళ్లాయన్ని అలాగే కూర్చోబెట్టింది. రెండు గంటలు పట్టిందట. ఆయన అప్పులన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ తెలియని చీటీలు రెండు బయటపడ్డాయి, రెండూ ఆవిడవే.